లైనమ్మ అడిగిన ఏడు ప్రశ్నలు

పెద్దాసుపత్రి టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఇరవై ఏడేళ్లు కూర్చుని, రోజుకు రెండు మూడు వందలసార్లు "లైన్లో ఉండండి" అన్న మనిషిని జనం లైనమ్మ అనక ఇంకేమంటారు? సూపరింటెండెంటు దగ్గర్నుంచి స్ట్రెచర్లు తోసేవాళ్ల దాకా అందరికీ ఆవిడ లైనమ్మే. ఆ ఆసుపత్రిలో ఆవిడ మొహం ఎరగనివాళ్లు సగం మంది ఉండేవారు గానీ గొంతు ఎరగనివాళ్లు లేరు.

గొంతు సంగతి అలా ఉంచితే, అసలు గొప్ప చెవులది. "హలో" అన్న ఒక్క మాటలోనే అవతలివాడు కంగారులో ఉన్నాడో, కోపంలో ఉన్నాడో, ఏడుపు దిగమింగుకుంటున్నాడో ఆవిడకు తెలిసిపోయేది. కంగారుగా ఉన్నవాళ్లను ముందు కలిపి, కోపంగా ఉన్నవాళ్లను కాసేపు లైన్లో ఉంచేది. చల్లారాక కలిపితే అటు డాక్టరుకూ ఇటు మనిషికీ మంచిదని ఆవిడ లెక్క. ఇంట్లో తర్ఫీదు కూడా అలాంటిదే. అత్తగారికి ఎడమ చెవి పూర్తిగా వినపడదు, కుడి చెవి అవసరాన్ని బట్టి వినపడుతుంది. అలాంటి మనిషితో ముప్పై ఏళ్లు కాపురం చేసిన కోడలికి ఏ మాట ఎలా చెప్పాలో, చెప్పని మాట ఎలా వినాలో రాకపోతుందా?

అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాక ఎక్స్‌చేంజి ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒకరోజు పొద్దున్నే ఇద్దరు మనుషులొచ్చి తీగలు పీకి, బోర్డును మందుల ట్రాలీ మీద పడుకోబెట్టి తోసుకుపోయారు. ఆ గది దుప్పట్ల స్టోరయింది. రిటైరు కావడానికి ఇంకా నాలుగేళ్లున్న లైనమ్మను రికార్డుల సెక్షన్‌కి పంపారు. అక్కడ పని, కేసు కాగితాలు వరసగా పేర్చి, దబ్బనంతో పొడిచి, దారంతో కుట్టడం. నోరున్న మనిషిని తెచ్చి నోరులేని కాగితాల మధ్య పడేసినట్టయింది.

ఆవిడ భర్త దర్జీ. సాయంత్రం ఆవిడ వేలికి దబ్బనం గుచ్చుకున్న గాయం చూసి, "మొత్తానికి ఇన్నాళ్లకి నా వృత్తిలోకి వచ్చావు. వేలికి తొడుగు పెట్టుకోమని నేనే చెప్పాల్సింది," అన్నాడు. ఆవిడకు నవ్వు రాలేదు. పెళ్లయ్యాక ఆయన జోకుకి ఆవిడ నవ్వకపోవడం అదే మొదలు. ఆయన మిషను ఆపి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

రికార్డుల గదిలోనే, కిటికీ పక్క బల్ల దగ్గర, ఒక గుమాస్తా రోజూ మధ్యాహ్నం స్పీకరు పెట్టి ఫోన్లు చేస్తుండేవాడు. సర్జరీ విభాగంలో ఒక పరిశోధన జరుగుతోంది. కడుపు మీద ఆపరేషన్ అయినవాళ్లకు, కోతకు ముందు ఇచ్చే ఒక్క ఇంజెక్షన్ సరిపోతుందా, లేక ఇంటికెళ్లాక ఐదు రోజులు మాత్రలు కూడా మింగాలా, గాయం చీము పట్టకుండా ఉండడానికి ఏది మేలు అన్నది తేల్చాలి. చేస్తున్నది ముప్పై దాటీదాటని ఒక లేడీ సర్జన్. అందరూ చిన్న డాక్టరు అనేవారు. తేలాలంటే ఇంటికెళ్లిన ప్రతి మనిషీ నెల తిరిగేదాకా ఎలా ఉన్నాడో తెలియాలి. ఆ కనుక్కునే పని గుమాస్తాది. పాపం అతనికి అది కాక ఇంకో మూడు పనులున్నాయి.

"హలో, ఆసుపత్రి నుంచి. జ్వరం లేదు కదా? చీము లేదు కదా? సరే, ఉంటాను."

అరనిమిషంలో ఒక మనిషి అయిపోయేవాడు. లైనమ్మ రెండు వారాలు నోరు నొక్కుకుని కుట్టుకుంది. మూడో వారం ఒకరోజు దబ్బనం కింద పెట్టేసింది.

"బాబూ, ఆయన్ని మళ్లీ పిలు."

"ఎందుకండీ? బాగానే ఉన్నానన్నాడుగా."

"లేదు కదా అని అడిగితే లేదనక ఏమంటాడు? చీము అనగానే ఊపిరి బిగబట్టాడు. పక్కన ఎవరో గొణిగారు. ఆ తర్వాత అన్నాడు లేదని."

అదే సమయానికి ఆ రోజు కాగితాల కోసం చిన్న డాక్టరు గుమ్మంలోకి వచ్చింది. విషయం విని, గుమాస్తా వైపు చూసి తలూపింది. అతను ఫోన్ లైనమ్మ చేతికిచ్చాడు. ఎక్స్‌చేంజి పోయాక మళ్లీ చేతిలోకి ఆసుపత్రి ఫోన్ వచ్చేసరికి ఆవిడకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"అన్నయ్యా, ఇందాక పిలిచింది మేమే. మావాడు తొందరలో సరిగ్గా కనుక్కోలేదు. అన్నం తిన్నారా?"

"తిన్నానమ్మా."

"కూర్చుని తిన్నారా?"

అవతల చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "నిలబడి తిన్నాను."

"అదేం? కూర్చుంటే ఏమవుతోంది?"

"కూర్చుంటే కింద లాగేస్తోందమ్మా."

"పక్కనున్నది వదినగారేనా? ఒక్కసారి ఇవ్వండి."

వదినగారు ఫోన్ అందుకోవడమే ఆలస్యం. "నాలుగు రోజుల్నుంచి దూది మారుస్తూనే ఉన్నానమ్మా. ఎంత పెట్టినా తడిసిపోతోంది. చెబితే మళ్లీ కోస్తారని ఈయనకి భయం. నన్ను చెప్పనివ్వరు."

మర్నాడు ఆ మనిషి వచ్చాడు. గాయం పైకి మూసుకుపోయి, లోపల నివురుగప్పిన నిప్పులా ఉంది. రెండు కుట్లు విప్పేసరికి అరగ్లాసు చీము వచ్చింది. వారంలో తేలికపడి, కూర్చుని భోజనం చేసి ఇంటికెళ్లాడు. ఆ వారంలోనే చిన్న డాక్టరు సూపరింటెండెంటు గదికి మూడుసార్లు తిరిగి, లైనమ్మను రికార్డుల నుంచి తప్పించి తన పరిశోధనకు వేయించుకుంది.

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. లైనమ్మ అడిగితే మాత్రం చెప్పేవాడికి తను లోకువ అనిపించేది కాదు. ముందు పిల్లల గురించీ, నిద్ర గురించీ మాట్లాడి, మనిషి మెత్తబడ్డాక గాయం దగ్గరికొచ్చేది. ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉంటారో ఒక నోటుబుక్కులో రాసుకుంది. బేకరీలో పనిచేసేవాడికి పదింటికి, బడి టీచరుకి నాలుగున్నరకి, కూరగాయల బండావిడకి మధ్యాహ్నం రెండింటికి.

పరిశోధనకు ఒక కట్టుబాటు ఉంది. ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్లందరికీ ఇంజెక్షన్ ఇస్తారు, అందరికీ మాత్రల సీసా కూడా ఇస్తారు. చూడ్డానికి మాత్రలన్నీ ఒకటే. సగం సీసాల్లో మందు, సగం సీసాల్లో ఉత్త పిండి. ఏ నంబరు సీసాలో ఏముందో రాసిన జాబితా ఫార్మసీ పెద్దాయన దగ్గర సీలు వేసిన కవర్లో ఉంది. రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు, లైనమ్మకీ తెలియకూడదు.

"తెలిస్తే ఏమవుతుంది డాక్టరమ్మా?"

"మన మనసు మన చెవిని మోసం చేస్తుంది అక్కా. మాత్ర వేసుకున్నవాడు కదా, బాగానే ఉండి ఉంటాడని అనుకుంటాం."

లైనమ్మకు అది వెంటనే అర్థమైంది. ఆ తర్వాత ఎవరైనా "మాత్రలు చేదుగా ఉన్నాయమ్మా, నాది మందే అనుకుంటా" అని మొదలుపెడితే, "తమ్ముడూ, ఆ ఒక్క మాటకీ నాకు చెవుడు. మా అత్తగారి దగ్గర అరువు తెచ్చుకున్నాను," అని మాట మార్చేసేది.

రెండు నెలలు గడిచేసరికి చీము కేసుల సంఖ్య మూడింతలైంది. దాంతో చిక్కొచ్చిపడింది. విభాగం మీటింగులో పెద్ద సర్జన్ కాగితాలు బల్ల మీద పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్లుగా ఐదు రోజుల మాత్రలు రాస్తూ, చేతివాసి గలవాడని పేరు తెచ్చుకున్న మనిషి. పనికి కచ్చితం.

"మొన్నటిదాకా ఇంతమందికి చీము లేదు. ఫారంలో నాలుగు ప్రశ్నలుంటే ఈవిడ నలభై అడుగుతోంది. ఒకరిని ఒక ప్రశ్న, ఇంకొకరిని ఇంకొకటి. రేపు ఈ అంకెలు ఎక్కడివని ఎవరైనా అడిగితే, లైనమ్మ చెవిలోంచి వచ్చాయని రాద్దామా?"

గదిలో అందరూ నవ్వారు. వెనక కుర్చీలో లైనమ్మ కూడా ఉంది. బయటికొచ్చాక చిన్న డాక్టరు మొహం కందిపోయి ఉంది.

"ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది డాక్టరమ్మా," అంది లైనమ్మ. "నాకు జలుబు చేసి గొంతు పోతే ఎవరు అడుగుతారు? నా చెవి నాతోనే ఇంటికెళుతుంది. నేను ఏం విని ఏం కనిపెడుతున్నానో అది ప్రశ్నలుగా కాగితం మీదికి రావాలి. ఎవరు చదివినా పనిచెయ్యాలి."

"రాస్తారా?"

"ఆదివారం దాకా టైమివ్వండి."

ఆదివారం పొద్దున్న వంటింటి గుమ్మంలో కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంది. భర్త మిషను దగ్గర ఎవరిదో పంట్లాం పొట్టి చేస్తున్నాడు. జ్వరం, వాపు, ఎరుపు అని రాసి కొట్టేసింది. అవి ఫారంలో ఉన్నవే. మనుషులు ఉన్నా లేవనేవి అవే.

"నొప్పి ఎక్కడుందో మనిషి నోటితో చెప్పడు," అన్నాడు దర్జీ, దారం పళ్లతో తెంపి. "బట్ట చెబుతుంది. కొలతలకి వచ్చినవాడు పంట్లాం ఒకవైపు దించి కట్టుకున్నాడంటే అటువైపు ఏదో ఉన్నట్టే. అడిగితే ఏం లేదంటాడు. టేపు ఆనిస్తే ఎగిరిపడతాడు."

లైనమ్మ రాసుకుంది: పంట్లాం గానీ చీర గానీ ఎక్కడ కడుతున్నారు, ఆపరేషన్‌కి ముందు కట్టే చోటేనా? దాని వెనకే ఇంకొకటి తట్టింది: విడిచిన బట్టకి మరకేమైనా అంటుతోందా, ఏ రంగుది? ఆ తర్వాత ఏ వైపు తిరిగి పడుకుంటున్నారు? నిన్నటికీ ఇవాళ్టికీ తేలికైందా, బరువైందా? గాయం మీద ఇంట్లో ఏమైనా పెట్టారా, పూశారా?

మంచం మీదున్న అత్తగారు, వినపడదనుకున్న మనిషి, ఇటు తిరిగింది. "చెయ్యి ఆనించి చూడమనవే. గాయం పక్కన ఒకసారి, పొట్టకి అవతలి వైపు ఒకసారి. లోపల చెడితే పైన కాలుతుంది. నీ మొగుడి చిన్నప్పుడు సెగ్గడ్డ నేనలాగే కనిపెట్టాను."

"సెగ్గడ్డ సంగతి ఇప్పుడెందుకమ్మా," అన్నాడు దర్జీ.

అలా ఆరు ప్రశ్నలయ్యాయి. ఇక వాటికి పరీక్ష పెట్టాలి. చిన్న డాక్టరు పథకం వేసింది, పెద్ద సర్జన్ ఒప్పుకున్నాడు. నూట ఇరవై మందికి ఆపరేషనైన పదోరోజు ఫోన్ చెయ్యాలి. ముందు గుమాస్తా పాత ఫారంతో అడుగుతాడు. గంట తర్వాత కొత్త ప్రశ్నలు. సగం మందిని లైనమ్మ అడుగుతుంది. మిగతా సగాన్ని, కొత్తగా చేరిన ఒక నర్సు, ఒక్క అక్షరం కలపకుండా కాగితం చూసి చదువుతుంది. మర్నాడు వాళ్లంతా ఆసుపత్రికి వస్తారు. ఫోన్లో ఎవరేం చెప్పారో తెలియని వేరే యూనిట్ సర్జన్ గాయం విప్పి చూసి, మంచిదో చెడ్డదో రాస్తాడు.

మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ లైనమ్మ అన్నం సరిగ్గా తినలేదు. నర్సుపిల్ల ఫోన్ చేస్తుంటే పక్కన కూర్చుని నోరు విప్పకుండా ఉండడం ఆవిడకు కత్తి మీద సాములా ఉండేది. "అదుగో ఆగాడు, మళ్లీ అడుగు" అనాలనిపించేది. చీర కొంగు నోట్లో కుక్కుకునేది.

కాగితాలన్నీ మీటింగు గదిలో బల్ల మీద పరిచారు. నూట ఇరవైలో చెడ్డ గాయాలు పద్దెనిమిది. పాత ఫారం పట్టుకున్నవి ఏడు. కొత్త ప్రశ్నలు పట్టుకున్నవి పదిహేడు. లైనమ్మ అడిగినవాళ్లలో పదికి పది, నర్సు చదివినవాళ్లలో ఎనిమిదికి ఏడు. మంచి గాయాన్ని చెడ్డదని అనవసరంగా అనుమానించినవి ఐదే.

పెద్ద సర్జన్ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని రెండోసారి చదివాడు.

"పాత ఫారం పదకొండుమందిని వదిలేసింది," అన్నాడు. "ఆ ఫారం రాసింది నేను." వెనక కుర్చీ వైపు తిరిగాడు. "అమ్మా, ఆ మిగిలిన ఒక్కడూ ఎలా జారిపోయాడు?"

లైనమ్మ లేచి నిలబడింది. "నేనూ అదే కనుక్కున్నానండీ. ఆ అబ్బాయికి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. గాయం వంక ఒక్కసారీ చూసుకోలేదు. కట్టు మార్చేది వాళ్లమ్మ. మనం అడిగింది చూడనివాణ్ణి. ఏడో ప్రశ్న ఒకటి కావాలి. గాయం ఎవరు చూస్తున్నారు, ఫోన్ వాళ్లకివ్వండి అని."

"అది మొదటి ప్రశ్నగా పెట్టండి," అన్నాడు పెద్ద సర్జన్.

అప్పటిదాకా పాత ఫారంతో అడిగినవాళ్ల కాగితాలు పక్కన పెట్టేసి, పరిశోధన మళ్లీ మొదటి మనిషి నుంచి మొదలుపెట్టారు. ఆరు వందల మంది కావాలి. ఏడాదిన్నర నడిచింది. లైనమ్మ కింద ఇద్దరు నర్సులు చేరారు. దుప్పట్ల స్టోరు పక్కనున్న చిన్న గదిలో మూడు ఫోన్లు పెట్టుకున్నారు.

ఎంతమందిని పట్టుకుని కనుక్కోగలిగారన్నదే ఇలాంటి పనికి ప్రాణం. నూటికి పదిమంది తప్పిపోయినా, ఆ పదిమందికి ఏమైందోనన్న అనుమానం మొత్తం పనిని మింగేస్తుంది. నాలుగువందల పదకొండో నంబరు మనిషి బోరుబావులు తవ్వే లారీ మీద పనివాడు. ఇవాళ ఇక్కడ, రేపు ఇంకెక్కడో. ఫోన్ నంబరు మార్చేశాడు. ముప్పయ్యో రోజు దాటితే లెక్కలోకి రాడు. లైనమ్మ వాళ్ల అక్కకు చేసింది. అక్క లారీ యజమాని నంబరిచ్చింది. యజమాని డ్రైవరు నంబరిచ్చాడు. డ్రైవరు సెలవులో ఉన్నాడు. అతను చెప్పిన డీజిలు బంకుకు, బంకువాడు చెప్పిన టైర్ల షాపుకు, అలా పదకొండు ఫోన్లు చేసింది. ముప్పయ్యో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. వెనక యంత్రం రొద.

"ఎవరండీ నాకోసం ఇంతమందిని పట్టుకున్నారు? మా వాళ్లంతా నేనేదో నేరం చేశాననుకుంటున్నారు."

"నేరమే బాబూ. నంబరు మార్చి చెప్పకపోవడం. ఆసుపత్రి నుంచి. గాయం ఎవరు చూస్తున్నారు?"

"నేనే."

"పంట్లాం ఎక్కడ కడుతున్నావు?"

అవతల చాలాసేపు యంత్రం రొదే వినపడింది. "అమ్మా, మీరు నిజంగా ఆసుపత్రి నుంచేనా?"

గదిలో నర్సులిద్దరూ నోరు మూసుకుని నవ్వారు. లైనమ్మ నవ్వకుండా ఏడు ప్రశ్నలూ పూర్తిచేసింది. గాయం శుభ్రంగా ఉంది. టిక్కు పెట్టాక అప్పుడు నవ్వింది, కళ్లలో నీళ్లొచ్చేదాకా.

ఆరువందల్లో దొరికినవాళ్లు ఐదువందల తొంభై ఏడుమంది.

కవరు తెరిచే రోజు లెక్చరు హాల్లో కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. దర్జీ ఆ పూట షాపు మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఫార్మసీ పెద్దాయన సీలు అందరికీ చూపించి, కత్తెరతో కవరు అంచు కత్తిరించాడు. చిన్న డాక్టరు జాబితాను కంప్యూటర్లోకి ఎక్కించింది. తెర మీద అంకెలు పడ్డాయి. ఇంజెక్షన్‌తో పాటు మందు మాత్రలు మింగిన రెండువందల తొంభై ఎనిమిది మందిలో చెడ్డ గాయాలు నలభై ఒకటి. పిండిమాత్రలవాళ్లు, అంటే ఇంజెక్షన్ మాత్రమే అందినట్టు లెక్క, రెండువందల తొంభై తొమ్మిది మంది. వాళ్లలో నలభై రెండు. తేడా లేదు. మందు మాత్రలు మింగినవాళ్లలో వాంతులు, విరేచనాలు మాత్రం రెట్టింపు.

హాలంతా పెద్ద సర్జన్ వైపు చూసింది. ఆయన లేచాడు.

"ముప్పై ఏళ్లు రాశాను ఆ మాత్రలు," అన్నాడు. "మంచి చేస్తున్నాననే రాశాను. రేపట్నుంచి కాదు, ఇవాళ సాయంత్రం రౌండ్సు నుంచే ఆపేస్తున్నాం. ఇది నమ్మి ఆపుతున్నాను, ఎందుకంటే ఇందులో తప్పిపోయిన మనుషులు ముగ్గురే. లైనమ్మ గారూ, ఇలా ముందుకు రండి."

"గారూ" అన్న మాట విని ఆవిడ, పిలిచింది తననేనా అని భర్త వైపు చూసింది. ఆయన మోచేత్తో పొడిస్తే నడిచింది. చప్పట్లు మొదట మెట్ల మీద నుంచి, ఆయాల దగ్గర, స్ట్రెచర్లు తోసేవాళ్ల దగ్గర మొదలయ్యాయి. తర్వాత కుర్చీల్లోవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. ఆవిడ, "అందరూ నిజం చెప్పారండీ. వాళ్లకి థాంక్స్ చెప్పాలి," అంది.

ఇంటికెళ్లేసరికి అత్తగారు మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"ఏమైందే? గెలిచారా?"

"గెలిచాం అత్తయ్యా. మీ ప్రశ్న ఏడోది. పుస్తకంలో అచ్చు వేస్తారట."

"అయితే నాకూ జీతమిస్తారా?"

"అడుగుతాను."

"గట్టిగా అడుగు," అంది ముసలావిడ, "మెల్లగా అడిగితే వినపడనట్టు నటిస్తారు. నాకు తెలుసు."

ఏడు ప్రశ్నలూ, వాటిని పరీక్షించిన తీరూ వైద్య పత్రికలో వచ్చాయి. రాసినవాళ్ల వరసలో లైనమ్మ పేరు మూడోది. పత్రిక వచ్చిన నెలకే వేరే ఆసుపత్రుల నుంచి ఉత్తరాలొచ్చాయి, నేర్పమని. రిటైర్మెంటు దగ్గర పడితే సూపరింటెండెంటు ఇంకో రెండేళ్లు ఉండమని కాగితం ఇచ్చాడు. కొత్తగా పెద్ద గది కేటాయించారు. ఎనిమిది బల్లలు, ఎనిమిది ఫోన్లు. ప్రారంభం రోజున రిబ్బన్లు, ప్రసంగాలు వద్దని లైనమ్మే చెప్పింది. పొద్దున్న తొమ్మిదింటికి ఎనిమిదిమంది నర్సులు వచ్చి కూర్చున్నారు. గోడ మీద ఆ రోజు పిలవాల్సిన డెబ్బై నాలుగు మంది జాబితా ఉంది. పిత్తాశయం తీసినవాళ్లు, హెర్నియా కుట్టినవాళ్లు, అపెండిసైటిస్ వాళ్లు.

"వాళ్లు చెప్పే జవాబు రాసుకోండి. చెప్పడానికి ముందు ఎంతసేపు ఆగారో అదీ రాసుకోండి," అంది లైనమ్మ. "ఎవరినీ తొందరపెట్టకండి. పదండి, మొదలుపెడదాం."

ఎనిమిది ఫోన్లు ఒకేసారి లేచాయి.